కర్సర్ ఎక్కడుంది? పనుల జాబితాలో వేలు పెట్టే చోటుకి ఒక చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది చాలా చిన్న వస్తువు గురించి. మీ స్క్రీన్ మీద మిణుకు మిణుకుమంటూ ఉంటుంది చూశారా, ఆ కర్సర్ గురించి. దాని గురించి అరగంట మాట్లాడతారా అని మా ఇంట్లోనే నవ్వారు. నవ్వనివ్వండి. నాకు మాత్రం ఆ చిన్న గీత ఒక రాత్రి నిద్ర లేకుండా చేసింది. ముందు ఆ సంగతి కొంచెం చెప్పి, తర్వాత చరిత్రలోకి వెళదాం.

నేను కొన్నేళ్ళ పాటు మన పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ప్లానింగ్ చూశాను. పేరు వద్దు లెండి, ఆ సంగతికి పేరుతో పని లేదు. పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్, రుద్రారం చుట్టుపక్కల పనిచేసిన వాళ్ళకి ఈ ఉద్యోగం ఎలా ఉంటుందో తెలుసు. ఏ పంపుకి ఎప్పుడు గ్రీజు పెట్టాలి, ఏ గేర్‌బాక్స్‌లో ఎప్పుడు ఆయిల్ మార్చాలి, ఏ సేఫ్టీ వాల్వు ఎప్పుడు టెస్ట్ చెయ్యాలి అని పనులన్నీ జాబితా వేసి, మూడు షిఫ్టులకీ పంచి, అయిన పనికి అయిందని గుర్తు పెట్టడం. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కానీ ఆ "అయింది" అనే ఒక్క మాటని నమ్మి, పక్క షిఫ్టులో మనుషులు మెషిన్ ఆన్ చేస్తారు.

నేను ఆ జాబితాని ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో, దానిలోని ఆర్గ్ మోడ్ అనే ప్లానర్‌లో నడిపేవాణ్ణి. ఒకరోజు బీ షిఫ్ట్ ఫిట్టర్ హ్యాండోవర్ కాగితం పట్టుకొని నా దగ్గరకొచ్చాడు. "సార్, మూడో రియాక్టర్ సేఫ్టీ వాల్వు టెస్ట్ అయిపోయిందని రాసిండ్రు. మేమసలు దాన్ని ముట్టుకోనే లేదు గదా" అన్నాడు.

నేను చూశాను. నిజంగానే "అయింది" అని ఉంది. పక్కన టైము కూడా ఉంది, మధ్యాహ్నం 1 గంట 52 నిమిషాలు. ఆ టైములో ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నది నేనే.

ఇది ఎలా జరిగిందో చివర్లో చెబుతాను. ఎందుకంటే, అది అర్థం కావాలంటే కర్సర్ అంటే అసలు ఏమిటో మనం మొదటి నుంచీ చూడాలి.

వేలు, స్కేలు, గాజు ముక్క

కంప్యూటర్లు రాకముందు కూడా జాబితాలు ఉన్నాయి. మన ప్రాంతంలోనే తీసుకోండి. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. చెకోస్లోవేకియా సహకారంతో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం పెట్టారు. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ మొదలైంది. 1970లలోనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ కూడా పెరగడం మొదలుపెట్టింది. ఈ అన్ని చోట్లా ఉమ్మడిగా ఉన్న వస్తువు ఏమిటంటే, లాగ్ బుక్. పొడుగాటి రిజిస్టర్, అడ్డగీతలు, నిలువు గళ్ళు. పాత ఆపరేటర్లు ఆ పుస్తకం ఎలా చదివేవాళ్ళో చూశారా? వరుస కింద ఒక స్టీల్ స్కేలు పెట్టేవాళ్ళు. రీడింగ్ రాసేటప్పుడు చూపు పక్క వరుసలోకి జారిపోకుండా. స్కేలు లేకపోతే ఎడమ చేతి చూపుడు వేలు. కిరాణా కొట్లో ఖాతా పుస్తకం చూసే శేఠ్ కూడా అంతే, పేరు మీద వేలు పెట్టి, వేలు తియ్యకుండా అంకె దాకా జరుపుతాడు.

ఆ వేలే కర్సర్ అండి. మిగతా చరిత్రంతా ఆ వేలిని స్క్రీన్ లోపలికి పంపడానికి పడిన తిప్పలే.

కర్సర్ అనే మాట కూడా కంప్యూటర్‌తో పుట్టింది కాదు. లాటిన్‌లో దానికి అర్థం పరుగెత్తేవాడు, అంటే మన వార్తాహరుడు లాంటి వాడు. తర్వాత ఆ పేరు స్లైడ్ రూల్‌లో ఒక భాగానికి వచ్చింది. స్లైడ్ రూల్ ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. లెక్కలు చెయ్యడానికి ఇంజినీర్లు వాడిన జరిగే స్కేలు. దాని మీద ఒక పారదర్శకమైన ముక్క, ఆ ముక్క మీద వెంట్రుక అంత సన్నని గీత ఉంటుంది. దాన్ని ముందుకీ వెనక్కీ జరిపి, గీత కింద ఉన్న అంకె చదువుతారు. ఆ జరిగే ముక్క పేరే కర్సర్. 1850లలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన అమెదే మన్‌హైమ్ దాన్ని స్లైడ్ రూల్‌లో విడదీయలేని భాగం చేశాడు. ఆ తర్వాత వందేళ్ళ పాటు ప్రపంచంలో టర్బైన్లూ, వంతెనలూ, విమానాలూ ఆ గీత కింద అంకెలు చదివే కట్టారు.

ఒక సరదా సంగతి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ పుట్టిన 1972లోనే, అమెరికాలో హెచ్‌పీ-35 అనే జేబు కాలిక్యులేటర్ వచ్చింది. దానితో స్లైడ్ రూల్ పని అయిపోయింది. గాజు కర్సర్ వెళ్ళిపోయింది. కానీ అప్పటికే ఆ పేరు ఇంకో చోట అద్దెకి దిగింది.

కనిపించని కర్సర్

1960లలో కంప్యూటర్‌తో మాట్లాడటం అంటే టెలిటైప్. టైప్ మిషన్ లాంటిది, కాగితం మీద అచ్చు వేస్తుంది. దానికి కర్సర్ అక్కర్లేదు, అచ్చు తల ఎక్కడుందో కంటికి కనిపిస్తూనే ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, ఎప్పుడో రాసిన ఫైలులో పదో వరుస మార్చాలంటే, కాగితం మీద ఏమీ కనపడదు.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్ కోసం ఈడీ అనే ఎడిటర్ రాశాడు. అందులో "ప్రస్తుత వరుస" అని ఒకటి ఉంటుంది. దానికి గుర్తు ఒక చుక్క, మన ఫుల్‌స్టాప్. చుక్క అంటే "ఇప్పుడు నేనున్న వరుస" అని. కానీ ఆ చుక్క ఎక్కడా కనపడదు. మీరే గుర్తు పెట్టుకోవాలి. మర్చిపోయి కొట్టివేత ఆదేశం ఇచ్చారో, ఇంకో వరుస పోతుంది. పాత యూనిక్స్ మనుషులు ఆ వరుసను ముందు అచ్చు వేయించి చూసుకొని, అప్పుడు మార్చేవాళ్ళు. చేసే ముందు చూడటం అన్న అలవాటు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

స్క్రీన్లు వచ్చాక ఇంకో ఇబ్బంది వచ్చింది. తెర నిండా అక్షరాలు, వాటిలో కర్సర్ ఏది? దానికి జవాబు చార్లెస్ కీస్లింగ్ అనే ఆయన పేరుతో ఉంది. స్పెర్రీ రాండ్ కంపెనీలో పనిచేసేవాడు. మిణుకుమనే కర్సర్ మీద 1967లో పేటెంట్‌కి దరఖాస్తు చేశారు, 1970లో వచ్చింది. కదలని అక్షరాల మధ్య వెలిగి ఆరే వస్తువు వెంటనే కంటికి తగులుతుంది. దీపావళి సీరియల్ బల్బుల్లో ఒక్కటి మిణుకుమంటే కన్ను దాని మీదకే పోదూ, అలాగన్నమాట.

1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ని లోకానికి చూపించాడు. ఆ రోజు ప్రదర్శనలో జాబితాలు రాసి, వాటిని ముడిచి, విప్పి చూపించాడు. ఈ రోజు మనం వాడే పనుల జాబితాలన్నిటికీ ఆ ప్రదర్శన తాతగారి లాంటిది. కానీ మౌస్ సామాన్యుల చేతికి రావడానికి ఇంకా పదిహేనేళ్ళు పట్టింది. ఈలోపు కర్సర్‌ని కీబోర్డుతోనే నడపాలి.

హెచ్, జే, కే, ఎల్ ఎక్కడ నుంచి వచ్చాయి?

1976 ప్రాంతంలో బర్క్‌లీలో విద్యార్థిగా ఉన్న బిల్ జాయ్ వీఐ అనే ఎడిటర్ రాశాడు. ఆయన దగ్గరున్న టెర్మినల్ పేరు ఏడీఎం-3ఏ. దానికి బాణం కీలు విడిగా లేవు. హెచ్, జే, కే, ఎల్ కీల మీదే నాలుగు బాణాలు అచ్చు వేసి ఉండేవి. అందుకే వీఐలో కర్సర్ ఆ నాలుగు అక్షరాలతో నడుస్తుంది. ఆ టెర్మినల్ మూలపడి నలభై ఏళ్ళు దాటింది, అలవాటు మాత్రం ఈ రోజుకీ ప్రోగ్రామర్ల వేళ్ళలో ఉంది. ఇవాళ మన కీబోర్డు మీద మూడు కింద, ఒకటి పైన ఉండే బాణాల అమరిక 1980లలో డెక్ కంపెనీ కీబోర్డుతో స్థిరపడింది.

అదే 1976లో ఎంఐటీలో రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ కలిసి మొదటి ఈమాక్స్ తయారు చేశారు. అది టీకో అనే పాత ఎడిటర్ మీద కట్టింది. టీకో పుట్టినప్పుడు రంధ్రాల కాగితపు టేపుని సరిచెయ్యడానికి పుట్టింది. అందులో కూడా ప్రస్తుత స్థానానికి గుర్తు చుక్కే. ఈమాక్స్‌లో ఈ రోజుకీ ప్రస్తుత స్థానాన్ని పాయింట్ అంటారు, ఆ పేరు ఆ చుక్క నుంచే వచ్చింది. తర్వాత 1985లో స్టాల్‌మన్ గ్నూ ఈమాక్స్ విడుదల చేశాడు. ఎవరైనా తీసుకోవచ్చు, లోపలి కోడ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు. మన దగ్గర స్వేచ్ఛ లాంటి సంస్థలు తెలుగులో సాఫ్ట్‌వేర్ తేవడానికి పనిచేశాయంటే, దాని వెనకున్న ఆలోచన కూడా ఇదే.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, జాగ్రత్తగా వినండి. ఈమాక్స్‌లో పాయింట్ వేరు, కర్సర్ వేరు. పాయింట్ అనేది రెండు అక్షరాల మధ్య ఉంటుంది, కంటికి కనపడదు. కర్సర్ అనేది దాన్ని చూపించడానికి తర్వాతి అక్షరం మీద వేసే రంగు పెట్టె. అంటే కర్సర్ మనకి కనిపించే గుర్తు, పాయింట్ లోపల లెక్క ప్రకారం ఉన్న నిజం. మనం కర్సర్‌ని చూస్తాం, కంప్యూటర్ పాయింట్ దగ్గర పని చేస్తుంది. మామూలు వ్యాసం రాసేటప్పుడు ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. జాబితాలో మాత్రం పట్టించుకోవాలి.

ఖగోళ శాస్త్రవేత్త రాసిన ప్లానర్

2003లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఖగోళ శాస్త్రం చూసే కార్స్టెన్ డొమినిక్ తన నోట్సు సర్దుకోవడానికి ఆర్గ్ మోడ్ రాసుకున్నాడు. 2007లో వచ్చిన ఈమాక్స్ 22తో అది ఈమాక్స్‌లో భాగమైపోయింది. ఇందులో పనులన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో ఉంటాయి. ముందు ఒక నక్షత్రం, చెయ్యాలంటే టూడూ, అయితే డన్, కింద ఒక తేదీ. అంతే. పదేళ్ళ తర్వాత ఏ కంప్యూటర్‌లోనైనా తెరిచి చదువుకోవచ్చు.

మరి పది ఫైళ్ళలో చెల్లాచెదురుగా ఉన్న పనుల్లో ఇవాళ చెయ్యాల్సినవి ఏవి? దానికే అజెండా అనే చూపు ఉంది. ఒక మీట నొక్కితే అన్ని ఫైళ్ళూ వెతికి, ఈ వారం పనులు తేదీల వారీగా తెచ్చి పెడుతుంది. వారం చూపు తెరిచినప్పుడు కర్సర్ ఇవాళ్టి తేదీ దగ్గర నిలబడుతుంది. ఎన్ కొడితే కిందకి, పీ కొడితే పైకి. టీ కొడితే ఆ పని "అయింది" అని మారుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ అజెండాలో కనిపించే వరుసలు అసలు పనులు కావు. అవి నీడలు. ఒక్కో వరుస వెనకాల, ఇది ఏ ఫైలులో ఏ చోట ఉన్న పనో చెప్పే చిరునామా దాగి ఉంటుంది. మీరు వరుస మీద టీ కొడితే, కంప్యూటర్ ఆ చిరునామా పట్టుకొని వెళ్ళి అసలు ఫైలులో మార్పు చేస్తుంది. వ్యాసంలో కర్సర్ తప్పు చోట ఉంటే ఒక అక్షరం తప్పు పడుతుంది, అది కంటి ముందే కనపడుతుంది. అజెండాలో కర్సర్ తప్పు చోట ఉంటే, మీకు కనపడని ఫైలులో, మీరు అనుకోని పని అయిపోయినట్టు రాసి ఉంటుంది.

1 గంట 52 నిమిషాలు

ఇప్పుడు నా కథ దగ్గరకి వద్దాం. ఆ రోజు ఏ షిఫ్ట్ అయిపోవస్తోంది. రెండింటికి బీ షిఫ్ట్ వాళ్ళు వస్తారు. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చడం అయిపోయిందని చెప్పారు. జాబితాలో నా కర్సర్ సరిగ్గా గేర్‌బాక్స్ వరుస మీదే ఉంది. పద్నాలుగో వరుస అనుకోండి. టీ కొట్టే ముందు, కొత్తగా ఏమైనా వచ్చాయేమో చూద్దామని జీ కొట్టాను. జీ అంటే జాబితాని మళ్ళీ తాజాగా తయారు చెయ్యమని. అంతలో ఫోన్ మోగింది. మాట్లాడుతూనే టీ కొట్టాను. అలవాటుగా ఇంకోసారి జీ కొట్టాను. అయిన పనులు కనపడకుండా పెట్టుకున్నాను కాబట్టి ఒక వరుస మాయమైంది. ఫోన్ పెట్టేశాక చూస్తే గేర్‌బాక్స్ ఇంకా చెయ్యాల్సిన పనుల్లోనే ఉంది. "ఓహో, కొట్టడం మర్చిపోయాను కాబోలు" అనుకొని, దాని మీదకి వెళ్ళి టీ కొట్టాను. ప్రింట్ ఇచ్చాను. బస్సెక్కాను.

ఏం జరిగింది? మొదటిసారి జీ కొట్టినప్పుడు, ఇంకో షిఫ్ట్ ఫైలు నుంచి రెండు బ్రేక్‌డౌన్ పనులు కొత్తగా వచ్చి జాబితాలో పైన చేరాయి. దాంతో కింద వరుసలన్నీ రెండేసి మెట్లు దిగాయి. గేర్‌బాక్స్ పదహారో వరుసకి పోయింది. కర్సర్ మాత్రం పద్నాలుగో వరుసలోనే ఉంది. ఎందుకంటే జాబితాని తిరగరాసేటప్పుడు ఆర్గ్ గుర్తు పెట్టుకునేది పనిని కాదు, వరుస సంఖ్యని. పద్నాలుగో వరుసలో ఇప్పుడు, ఇంతకుముందు పన్నెండో వరుసలో ఉన్న పని కూర్చుంది. అదే మూడో రియాక్టర్ సేఫ్టీ వాల్వు.

లాగ్ బుక్ భాషలో చెప్పాలంటే, నేను వేలు పెట్టి ఉంచాను, ఎవరో పుస్తకాన్ని కింద నుంచి రెండు గళ్ళు లాగారు. వేలు కదల్లేదు. వేలు కింద పని మారిపోయింది.

దీన్ని ప్రోగ్రామ్ రాసినవాళ్ళ తప్పు అనడం సులువు. నేనూ మొదట కోప్పడ్డాను. కానీ ఆలోచిస్తే, దానికీ ఒక న్యాయం ఉంది. జాబితాని తిరగరాసినప్పుడు కర్సర్ తెర మీద ఒక చోట నుంచి ఇంకో చోటికి ఎగిరిపోతే, చదివేవాడి కన్ను తప్పిపోతుంది. నోట్సు రాసుకునే శాస్త్రవేత్తకి, ఆయన జాబితాని ఆయనే మారుస్తాడు కాబట్టి, వరుస సంఖ్య చాలు. నలుగురు మనుషులు మూడు షిఫ్టుల్లో రాసే జాబితాకి అది చాలదు. పనిముట్టు పుట్టిన చోటు వేరు, నేను తెచ్చి వాడిన చోటు వేరు. ఆ తేడాని సరిచేసుకోవాల్సింది నేను.

అదృష్టం ఏమిటంటే, ఆ ఫిట్టర్ కాగితాన్ని నమ్మలేదు. తన చేతిని నమ్మాడు. "నేను చెయ్యని పని ఎట్లా అయితది" అని అడగడానికి వచ్చాడు. వాల్వు ఆ రాత్రే టెస్ట్ చేశారు. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు అన్నది నాకు నిద్ర పట్టడానికి సరిపోలేదు.

కర్సర్‌ని మన దారికి తెచ్చుకోవడం

తర్వాత వారం రోజులు కూర్చొని నేను చేసిన మార్పులు చెబుతాను. మీరు ఈమాక్స్ వాడకపోయినా వినండి, ఎక్సెల్ వాడేవాళ్ళకి కూడా ఆలోచన పనికొస్తుంది.

మొదటిది, వరుస మొత్తానికి రంగు. కర్సర్ ఒక అక్షరం మీద చిన్న పెట్టెలా ఉంటే, అది ఏ వరుసో కన్ను పొరబడుతుంది. ఈమాక్స్‌లో హెచ్ఎల్-లైన్ అని ఒక సదుపాయం ఉంది, కర్సర్ ఉన్న వరుసంతా ఎడమ నుంచి కుడి దాకా వెలుగుతుంది. అజెండా తెరిచినప్పుడల్లా అది దానంతట అదే ఆన్ అయ్యేలా పెట్టాను. ఇదే మన స్టీల్ స్కేలు. జాబితాలో మనం ఎంచుకునేది అక్షరాన్ని కాదు, వరుసని. కాబట్టి కర్సర్ కూడా వరుస అంత ఉండాలి.

రెండోది, కర్సర్ పని నుంచి పనికే దూకాలి. మామూలు ఎన్ కొడితే తేదీ వరుసలు, ఖాళీ వరుసలు, గీతలు అన్నిటి మీదా ఆగుతుంది. షిఫ్ట్ పట్టి పెద్ద ఎన్ కొడితే మాత్రం తర్వాతి పని మీదకే వెళుతుంది, పెద్ద పీ కొడితే వెనకటి పని మీదకి. నేను ఈ రెంటినీ చిన్న ఎన్, చిన్న పీ మీదకి, కింది పై బాణాల మీదకి మార్చేశాను. దానితో పాటు, ప్రతి దూకుడు తర్వాత పని పేరు మొదటి అక్షరం దగ్గర ఆగేలా రెండు వరుసల కోడ్ పెట్టుకున్నాను. లేకపోతే కర్సర్ ఒకసారి టైము మీద, ఒకసారి పేరు మధ్యలో ఆగుతుంది, చదవడానికి కన్ను ప్రతిసారీ వెనక్కి పోవాలి.

మూడోది, అసలైనది. తిరగరాసినప్పుడు వరుస సంఖ్యని కాకుండా పనిని గుర్తు పెట్టుకోవడం. ఆర్గ్‌లో ప్రతి పనికీ ఒక ఐడీ ఇవ్వొచ్చు, ఆధార్ నంబర్ లాంటిది, ఒక్కదానికే ఉంటుంది. జీ కొట్టగానే ముందు కర్సర్ కింద ఉన్న పని ఐడీ రాసుకో, జాబితా తయారయ్యాక అదే ఐడీ ఉన్న వరుస వెతికి దాని మీద నిలబడు అని చెప్పాను. ఫైలులో స్థానం పట్టుకుంటే చాలదా అంటే, చాలదు. ఇంకొకరు పైన నాలుగు వరుసలు రాస్తే స్థానం కూడా జారుతుంది. పేరు జారదు.

మరి ఆ పని జాబితాలో లేకుండా పోతే? అప్పుడు కర్సర్ ఎక్కడుండాలి? ఇక్కడే చాలామంది "దగ్గర్లో ఉన్న పని మీద" అంటారు. నేను వద్దన్నాను. ఇవాళ్టి తేదీ వరుస మీద నిలబెట్టాను. ఎందుకంటే తేదీ వరుస వెనక ఏ చిరునామా లేదు. అక్కడ టీ కొడితే, ఈ వరుసలో ఈ ఆదేశం చెల్లదు అని ఆర్గ్ తిరగ్గొడుతుంది. ఏ పని అని తెలియనప్పుడు ఏ పనీ జరగని చోట నిలబడటం మేలు. మెషిన్ న్యూట్రల్‌లో పెట్టినట్టు.

నాలుగోది, షిఫ్ట్ పట్టి పెద్ద ఎఫ్ కొడితే ఫాలో అనే పద్ధతి ఆన్ అవుతుంది. కర్సర్ ఏ వరుస మీదకి వెళితే, పక్క కిటికీలో ఆ పని అసలు ఫైలు తెరుచుకుంటుంది. నీడనీ మనిషినీ పక్కపక్కన చూసినట్టు. యాభై ఏళ్ళ కింద ఈడీ వాడినవాళ్ళు వరుసను అచ్చు వేయించి చూసుకొని మార్చేవాళ్ళని చెప్పాను కదా, మళ్ళీ అక్కడికే వచ్చాం.

వీటివల్ల పని కొంచెం నెమ్మదించింది, అది ఒప్పుకోవాలి. పెద్ద జాబితాలో ఫాలో పెడితే తెర ఎప్పుడూ కదులుతూ ఉంటుంది, విసుగొస్తుంది. అందుకే దాన్ని సేఫ్టీ పనుల జాబితాకి మాత్రమే ఉంచాను.

తెలుగులో కర్సర్ ఎక్కడ ఆగాలి?

ఇంకో చిన్న సంగతి చెప్పకపోతే ఈ ఎపిసోడ్ తెలుగు ఎపిసోడ్ కాదు. ఫిట్టర్లు చదువుకోవడానికి వీలుగా నేను పనుల పేర్లు తెలుగులో రాయడం మొదలుపెట్టాను. అప్పుడు కర్సర్ కొత్త పేచీ పెట్టింది.

"వాల్వు" అని రాయండి. మన కంటికి రెండు అక్షరాలు, వా, ల్వు. కంప్యూటర్ లోపల మాత్రం ఆరు గుర్తులు. వ, దీర్ఘం, ల, పొల్లు, వ, కొమ్ము. "స్త్రీ" అయితే కంటికి ఒక్క అక్షరం, లోపల ఆరు. మరి కర్సర్ ఒకసారి కుడికి జరగమంటే ఎంత జరగాలి? ఒక గుర్తా, ఒక అక్షరమా? ఇంగ్లీషులో ఈ ప్రశ్నే లేదు. బిల్ జాయ్‌కీ స్టాల్‌మన్‌కీ ఇది ఎదురు కాలేదు.

మనం బడిలో నేర్చుకున్న లెక్క ప్రకారం అక్షరమే ప్రమాణం. గుణింతం, ఒత్తు కలిపి ఒకటే. కానీ యూనికోడ్ సాధారణ నియమాల్లో చాలాకాలం హల్లుకీ దాని కింద ఒత్తుకీ మధ్య కత్తెర పడేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో పాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదని నియమం చేర్చారు. అదే ఏడు వచ్చిన ఈమాక్స్ 29లో డిలీట్ కీ కొడితే కర్సర్ ముందున్న అక్షరం ఒత్తుతో సహా మొత్తం పోతుంది. బ్యాక్‌స్పేస్ కొడితే వెనక ఒక్క గుర్తే పోతుంది, అంటే కొమ్ము తప్పు పడితే కొమ్ము ఒక్కటే తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు. కావాలంటే కర్సర్ సంయుక్తాక్షరం లోపలికి దూరేలా కూడా పెట్టుకునే వీలు ఇచ్చారు, అప్పుడు అక్షరం తాత్కాలికంగా విడిపోయి కనిపిస్తుంది. రాసేటప్పుడు అది ఉపయోగం, జాబితా చదివేటప్పుడు చిరాకు. నేను రాసే ఫైలులో ఆన్ చేసి, అజెండాలో ఆఫ్ చేసుకున్నాను.

చూశారా, కర్సర్ ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నకి ఒకే జవాబు లేదు. రాసేవాడికి గుర్తు దగ్గర ఆగాలి, చదివేవాడికి అక్షరం దగ్గర ఆగాలి, పని పంచేవాడికి వరుస దగ్గర ఆగాలి.

చివరి మాట

మన పరిశ్రమల్లో లాక్-అవుట్, ట్యాగ్-అవుట్ అని ఒక పద్ధతి ఉంది, చాలామందికి తెలిసే ఉంటుంది. మెషిన్ మీద పని చేసేవాడు స్విచ్‌కి తన తాళం వేసి, తన పేరున్న ట్యాగ్ తగిలిస్తాడు. తాళం చెవి వాడి జేబులోనే. ఆ తాళం చెప్పేది ఏమిటి? "నా చెయ్యి ఇక్కడ ఉంది. వేరే ఎవరూ ముట్టుకోవద్దు" అని. అది కూడా ఒక కర్సరే. కాకపోతే దాని కింద నుంచి మెషిన్‌ని ఎవరూ రెండు గళ్ళు జరపలేరు. నేను సాఫ్ట్‌వేర్‌లో చేసుకున్న మార్పులన్నీ నా కర్సర్‌ని ఆ తాళంలా మార్చుకోవడానికే.

ఇప్పుడు నేను ఆ ఫ్యాక్టరీలో లేను. ఆ సెట్టింగులు మాత్రం నా ల్యాప్‌టాప్‌లో అలాగే ఉన్నాయి. ఇంటి కరెంట్ బిల్లు కట్టినట్టు గుర్తు పెట్టేటప్పుడు కూడా వరుస వెలుగుతుంది, నేను ఒక క్షణం ఆగి పేరు చదివి, అప్పుడే టీ కొడతాను. మా ఆవిడ నవ్వుతుంది. కానీ ఆ ఒక్క క్షణం నాకు నేర్పింది ఇంజినీరింగ్ పుస్తకం కాదు, కాగితం పట్టుకొని వచ్చి "మేం ముట్టుకోలేదు గదా సార్" అన్న మనిషి.

మీరు ఏ ప్లానర్ వాడినా సరే, ఈ రోజు ఒక్క పని చేసి చూడండి. జాబితాలో మధ్య వరుస ఎంచుకొని, పైన ఒక కొత్త వరుస వచ్చేలా చేసి, జాబితాని తాజా చెయ్యండి. మీ కర్సర్ పనితో పాటు వచ్చిందా, వరుసతో పాటు ఉండిపోయిందా చూసుకోండి. జవాబు ఏదైనా ఫరవాలేదు, అది మీకు ముందే తెలిసి ఉండాలి, అంతే.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు. నమస్కారం.